నాటు కట్టు విప్పాక కనిపించిన ఎముక ముక్క: ఆరేళ్ల పాప మోచేతి ఆపరేషన్ కేసు

పిల్లల మోచేతి దెబ్బల్లో ఇంటిల్లిపాదీ హడలిపోయేది చెయ్యి బాగా వాచి, వంకరగా వేలాడేటప్పుడు. అది సాధారణంగా సుప్రాకాండైలర్ ఫ్రాక్చర్, అంటే పై చేతి ఎముక మోచేతికి కాస్త పైన విరగడం. పిల్లల మోచేతి ఫ్రాక్చర్లలో సగానికి పైగా అవే. రక్తనాళం నలిగే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఆ భయం అవసరమే. అంత భయపడతారు కాబట్టే ఆ పిల్లలు మా ఎముకల డాక్టర్ల దగ్గరికి త్వరగా వస్తారు, త్వరగా బాగుపడతారు.

ఇక్కడ నేను చెప్పబోయేది రెండో రకం. వాపు కొంచెమే ఉంటుంది, వేళ్లు చక్కగా ఆడతాయి. ఎక్స్‌రేలో మోచేతి బయటివైపు చిన్న పెచ్చు ఊడినట్టు కనిపిస్తుంది. దాన్ని లేటరల్ కాండైల్ ఫ్రాక్చర్ అంటాం. మోచేతి ఫ్రాక్చర్లలో సుప్రాకాండైలర్ తర్వాత స్థానం దీనిదే. ఎక్కువగా ఆరేళ్ల వయసు అటూ ఇటూ పిల్లల్లో వస్తుంది. దీన్ని చిన్న దెబ్బ అనుకుని వదిలేయడం వల్ల జరిగే నష్టం చాలా ఏళ్ల తర్వాత గానీ బయటపడదు. అందుకే ఈ కేసుని వివరంగా రాస్తున్నాను. తల్లిదండ్రుల అనుమతి తీసుకున్నాను. పాపని గుర్తుపట్టే వివరాలు మార్చాను.

వచ్చినప్పటి పరిస్థితి

పాపకి ఆరేళ్లు. బడి వరండా మెట్ల మీద నుంచి జారి, ఎడమ అరచెయ్యి నేలకి ఆనించి పడింది. సాయంత్రానికి మోచేతి బయటివైపు కాస్త వాచింది. ఊళ్లోని ఆర్‌ఎంపీ నొప్పి మాత్ర ఇచ్చారు. మర్నాడు నాయనమ్మ దగ్గరి ఊరికి తీసుకెళ్లి నాటు కట్టు కట్టించింది. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, మీద గుడ్డ. మూడు వారాలకి కట్టు విప్పారు. నొప్పి చాలావరకు పోయింది, కానీ చెయ్యి చాచడం రాలేదు. బయటివైపు ఒక గడ్డ తేలింది. అప్పుడు పట్నంలో ఎక్స్‌రే తీయిస్తే పెచ్చు ఊడింది, మెల్లగా సర్దుకుంటుందన్నారట. సర్దుకోలేదు. మా దగ్గరికి వచ్చేసరికి దెబ్బ తగిలి ఐదు వారాలు.

నాటు కట్టు మీద ఒక మాట. ముక్కలు కదలని ఫ్రాక్చర్లు, పిల్లల మణికట్టు దగ్గర ఎముక నొక్కుకుపోయిన లాంటివి, ఏ కట్టు కట్టినా అతుక్కుంటాయి. అలా బాగైన పదిమంది ఊళ్లో కళ్ల ముందు తిరుగుతుంటే జనం నమ్మడంలో ఆశ్చర్యం లేదు. నేను ఆ నాయనమ్మని ఒక్క మాట కూడా అనలేదు. మనవరాలిని చంకనేసుకుని దెబ్బ తగిలిన మర్నాడే బయల్దేరిన మనిషి ఆవిడ. ఇబ్బంది ఎక్కడంటే, కీలు లోపలికి వెళ్లిన ఫ్రాక్చర్‌కీ బయటే ఉన్న ఫ్రాక్చర్‌కీ తేడా చేతితో తడిమితే తెలియదు. దానికి ఎక్స్‌రే కావాలి, ఆ ఎక్స్‌రే చదవడమూ రావాలి.

పరీక్షలో పాప మోచెయ్యి 40 డిగ్రీల నుంచి 100 డిగ్రీల వరకే కదిలింది (చెయ్యి పూర్తిగా చాస్తే సున్నా, మడిచేకొద్దీ అంకె పెరుగుతుంది). అరచెయ్యి పైకీ కిందకీ తిప్పడం మాత్రం పూర్తిగా వచ్చింది. మోచేతి వెనుక మూడు ఎముక మొనలు ఉంటాయి: లోపలి బుడిపె, బయటి బుడిపె, మధ్యలో ఆలిక్రానాన్ (ముంజేతి అల్నా ఎముక పై కొస) కొన. మోచెయ్యి మడిచినప్పుడు ఈ మూడూ కలిసి ఒక త్రికోణంలా ఉంటాయి. రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎడమవైపు బయటి మొన వెనక్కీ పక్కకీ జరిగి ఉంది. సుప్రాకాండైలర్‌లో ఆ త్రికోణం చెదరదు, ఇక్కడ చెదిరింది. ఎక్స్‌రే ఇంకా చేతికి రాకముందే ఈ ఒక్క పరీక్ష చాలా చెబుతుంది. కుర్ర డాక్టర్లు దీన్ని మర్చిపోతున్నారని నాకు బాధ.

నరాల పరీక్షకి పిల్లలతో రాయి, కాగితం, కత్తెర ఆట ఆడతాం. పిడికిలి బిగిస్తే మీడియన్ నరం, అరచెయ్యి చాస్తే రేడియల్ నరం, వేళ్లు కత్తెరలా ఆడిస్తే అల్నార్ నరం పనిచేస్తున్నట్టు. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టించాం. అన్నీ చేసింది, పైగా రెండుసార్లు నన్ను ఓడించింది. నాడి బాగుంది.

ఎక్స్‌రేలో కనిపించనిది

మామూలుగా ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీస్తారు. లేటరల్ కాండైల్ అనుమానం ఉంటే చెయ్యి లోపలికి కొంచెం తిప్పి ఏటవాలుగా ఇంకొకటి తీయించాలి. ముక్క ఎంత జరిగిందో ఎక్కువగా ఆ మూడోదాంట్లోనే తెలుస్తుంది. పాపకి ఆ ఎక్స్‌రే అప్పటిదాకా తీయలేదు. తీస్తే ముక్క 7 మిల్లీమీటర్లు బయటికి జరిగి ఉంది, కొద్దిగా తిరిగి కూడా ఉంది. ఐదు వారాలు దాటినా రెండు ముక్కల మధ్య కొత్త ఎముక జాడ లేదు. విరిగిన అంచులు నునుపుదేలడం మొదలైంది.

తల్లిదండ్రులకి ఎక్స్‌రే చూపిస్తే అందరూ అడిగేది ఒకటే: ఇంత చిన్న ముక్కకి ఆపరేషనా? ఆరేళ్ల వయసులో మోచేతి ఎముక కొన చాలావరకు మృదులాస్థే. ఎక్స్‌రేలో మృదులాస్థి పడదు. మామిడికాయకి ఎక్స్‌రే తీస్తే టెంక ఒక్కటే కనపడి గుజ్జు కనపడనట్టు అన్నమాట. మోచేతిలో ఎముకగా మారే కేంద్రాలు ఒకదాని తర్వాత ఒకటి కనిపిస్తాయి. క్యాపిటెల్లం (పై చేతి ఎముక కింది కొనలో బయటివైపు గుండ్రటి భాగం) సుమారు ఏడాదికి, రేడియస్ తల (ముంజేతిలో బొటనవేలి వైపు ఎముక పై కొన) మూడేళ్లకి, లోపలి బుడిపె ఐదుకి, ట్రాక్లియా (క్యాపిటెల్లం పక్కనే లోపలివైపు కప్పీలాంటి భాగం) ఏడుకి, ఆలిక్రానాన్ తొమ్మిదికి, బయటి బుడిపె పదకొండుకి. ఆడపిల్లల్లో కొంచెం ముందు, మగపిల్లల్లో కొంచెం వెనక. అంటే మా పాప మోచేతిలో ట్రాక్లియా అనే భాగం ఎక్స్‌రేకి ఇంకా లేనట్టే. కానీ విరిగిన ముక్కలో ట్రాక్లియా భాగం కూడా ఉంది. ఎక్స్‌రేలో చిక్కుడుగింజంత కనిపించేది కీలు లోపల చూస్తే మోచేతి కింది ఉపరితలంలో దాదాపు సగం.

సీటీ ఎందుకు తీయించలేదని మా పీజీలు అడిగారు. సీటీ కూడా ప్రధానంగా ఎముకనే చూపిస్తుంది, పైగా చిన్న పిల్లకి రేడియేషన్. ఎమ్మారైలో మృదులాస్థి చక్కగా కనిపిస్తుంది, కానీ ఆరేళ్ల పిల్ల కదలకుండా పడుకోవాలంటే చాలాసార్లు మత్తు ఇవ్వాలి. దానివల్ల నా నిర్ణయం మారేది కాదు. మారని నిర్ణయం కోసం పరీక్ష రాయడం నాకు నచ్చదు.

ఎందుకు అతుక్కోదు

పిల్లల ఎముకలు ఇట్టే అతుక్కుంటాయని అందరికీ తెలుసు. ఈ ముక్క మాత్రం మొండికేస్తుంది. దానికి మూడు నాలుగు కారణాలు ఒకేచోట కలిశాయి. ఒకటి, ఫ్రాక్చర్ గీత కీలు లోపలికి వెళ్తుంది. కీలులోని జిగట ద్రవం ఆ సందులోకి చేరి, అతుక్కోవడానికి కావాల్సిన రక్తపు గడ్డని నిలవనివ్వదు. రెండు, మణికట్టునీ వేళ్లనీ వెనక్కి ఎత్తే కండరాలు సరిగ్గా ఈ ముక్క మీద నుంచే మొదలవుతాయి. పాప చెయ్యి ఆడించిన ప్రతిసారీ అవి ముక్కని లాగుతూనే ఉంటాయి. బయట ఏ కట్టు కట్టినా లోపలి ఈ లాగుడు పూర్తిగా ఆగదు. మూడు, ముక్కలో ఎముక భాగం పల్చటి పెంకు, మిగతాది మృదులాస్థి. నాలుగు, దీనికి రక్తం వచ్చే దారి ఇరుకు. ముక్క వెనుక వైపు, కీలు బయట ఉన్న చిన్న చోటు నుంచి సన్నటి నాళాలు లోపలికి వెళ్తాయి. ఆపరేషన్ మొత్తంలో నా చెయ్యి దేనికి భయపడిందంటే ఈ నాలుగోదానికే.

అతుక్కోకపోతే ఏమవుతుంది? వెంటనే ఏమీ కాదు. పిల్లలు ఆడతారు, రాస్తారు. కానీ ఎదిగే కొద్దీ ఆ ముక్క పైకీ బయటికీ జరుగుతుంది. ముంజెయ్యి బయటివైపు వంగిపోతుంది. లోపలివైపు బుడిపె వెనక నుంచి వెళ్లే అల్నార్ నరం ఆ వంపు చుట్టూ ఏళ్ల తరబడి సాగుతుంది, రాసుకుంటుంది. ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతాయి. అరచేతిలో చిన్న కండరాలు కరిగి, బొటనవేలు చూపుడువేలు మధ్య గుంట పడుతుంది. తాళం తిప్పడం, చొక్కా గుండీ పెట్టుకోవడం, సూదిలో దారం ఎక్కించడం కష్టమవుతాయి. ఎప్పుడో తగిలిన దెబ్బ వల్ల ఆలస్యంగా వచ్చే ఈ నరం జబ్బుని పారిస్‌లో పనాస్ 1878లోనే వర్ణించారు. మా ఓపీలో ఇవాళ్టికీ చూస్తున్నాం. కుట్టుపని మీద బతికేవాళ్లు, పత్తి తీసేవాళ్లు చెయ్యి చూపించి, చిన్నప్పుడు పడ్డాను సార్, కట్టు కట్టించారు, బాగైంది అని మొదలుపెడతారు. అంత ఆలస్యంగా వస్తే నరాన్ని ముందువైపుకి మార్చి ఒత్తిడి తీయగలం, వంకర సరిచేయగలం. కరిగిపోయిన కండ పూర్తిగా తిరిగి రావడం మాత్రం అరుదు.

చేయాలా, వద్దా

కొత్త ఫ్రాక్చర్ అయితే దారి చాలావరకు స్పష్టం. ముక్క 2 మిల్లీమీటర్ల లోపే జరిగితే పిండికట్టు వేసి, వారంలోపే మళ్లీ ఎక్స్‌రే తీసి, ముక్క కదల్లేదని చూసుకుంటూ ఉండాలి. అంతకంటే జరిగితే ముక్కని పట్టి ఉంచే సన్నటి లోహపు వైర్లు వేయాలి. కీలు ఉపరితలం చెదరలేదని నమ్మకం ఉంటే తెరవకుండానే వేయొచ్చు. ఆ నమ్మకం కోసం కీలులోకి రంగు మందు ఎక్కించి ఎక్స్‌రేలో చూస్తాం. 4 మిల్లీమీటర్లు దాటినా, ముక్క తిరిగిపోయినా సాధారణంగా తెరిచి, కళ్లతో చూసి సర్దాలి.

ఐదు వారాల తర్వాత ఈ లెక్కలు అలాగే వర్తించవు. 1975లో యాకబ్, ఆయన సహచరులు రాసిన పేపర్ ఈ విషయంలో చాలా కాలం సర్జన్ల చెయ్యి పట్టుకుని ఆపింది. మూడు వారాలు దాటాక తెరిచి సర్దిన పిల్లల్లో ఫలితం, అసలు ఏమీ చేయని పిల్లల కంటే మెరుగ్గా లేదని వాళ్లు హెచ్చరించారు. ముక్కకి రక్తం ఆగి చచ్చిపోవడం, కీలు బిగుసుకుపోవడం, గ్రోత్ ప్లేట్ (ఎముక పొడవు పెరిగే మృదులాస్థి పొర) ముందే మూసుకుపోవడం, ఇవీ వాళ్ల భయాలు. అవి నిజమైన భయాలే. తర్వాతి దశాబ్దాల్లో ఈ అభిప్రాయం కొంత మారింది. ఆలస్యంగా వచ్చే కేసులు మన దేశంలో ఎక్కువ కాబట్టి ఇక్కడి సర్జన్ల అనుభవం కూడా అందులో కలిసింది. జాగ్రత్తగా చేస్తే మూడు వారాల తర్వాతా మేలు జరుగుతుందని ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటారు. ఫ్లిన్ అనే సర్జన్ చెప్పిన షరతులు నాకు ఇప్పటికీ పనికొస్తాయి: ముక్కలో ఎముక భాగం తగినంత ఉండాలి, కీలు ఉపరితలం నుంచి సెంటీమీటరు కంటే తక్కువ జరిగి ఉండాలి, గ్రోత్ ప్లేట్ తెరిచి ఉండాలి.

పాప విషయంలో రెండో షరతూ మూడో షరతూ నెరవేరాయి. మొదటిది సగమే, ఎముక పెంకు పల్చగా ఉంది. ఇంకొక రెండు నెలలు ఆగితే అంచులు మరింత అరిగిపోయి, సర్దినా కూర్చోని దశకి వెళ్తుంది. ఆపరేషన్ చేయడమే మంచిదని నిర్ణయించుకున్నాను.

నాయనమ్మకి మాత్రం నచ్చలేదు. "నాయనా, ఏళ్లన్నీ ఆడతన్నాయి గదా. అన్నం అదే కలుపుకుని తింటాంది. బంగారమంటి చెయ్యి కొయ్యడం దేనికి?" అంది.

"ఇప్పుడు బాగానే ఉంటుందమ్మా. పెళ్లీడు దాటాక ఈ రెండు వేళ్లు పట్టు తప్పుతాయి. అప్పుడు నేను చేసినా ఇంత బాగా రాదు" అన్నాను. తండ్రి అడిగిన ప్రశ్న ఇంకా సూటిగా ఉంది: "చేస్తే మొత్తం మామూలైపోతుందా సార్?" మొత్తం అని మాట ఇవ్వలేనని చెప్పాను. చెయ్యి పూర్తిగా చాచడంలో కొంచెం లోటు ఉండొచ్చు, బయటివైపు చిన్న గడ్డ ఉంటుంది, ముక్కకి రక్తం ఆగే ప్రమాదం కొంత ఉంది, ఎదుగుదల ఆగేదాకా ఏటా చూపించుకోవాలి. ఇవన్నీ కాగితం మీద తెలుగులో రాసి ఇచ్చి, ఒక రాత్రి ఆలోచించుకోమన్నాను. మర్నాడు ముందు ఒప్పుకున్నది నాయనమ్మే.

ఆపరేషన్

పూర్తి మత్తు ఇచ్చారు. పై చేతికి టూర్నికే (రక్తం కాసేపు ఆపే పట్టీ) బిగించాం. బయటివైపు నుంచి, మోచేతి వెనుక ఉండే ఆంకోనియస్ కండరానికీ మణికట్టుని ఎత్తే కండరానికీ మధ్య సందులోంచి లోపలికి వెళ్లాను. ఇది కోకర్ దారి. ఐదు వారాల ఫ్రాక్చర్‌లో కొత్త ఫ్రాక్చర్‌లా గీత తేటగా కనపడదు. అంతా తెల్లటి పీచు, మధ్యమధ్య మెత్తటి కాలస్ (అతుకు కోసం పుట్టే కణజాలం). ఏది ముక్కో ఏది పీచో తెలియడానికే సమయం పడుతుంది. ఆ సమయం ఇవ్వాలి.

ఇక్కడ ఒకే ఒక నియమం. ముందు వైపు నుంచే పని చేయాలి, వెనక్కి కత్తి వెళ్లకూడదు. ముక్కని బాగా చూడాలన్న ఆత్రంలో వెనుక మెత్తటి పొరలు ఒలిచేస్తే రక్తం వచ్చే ఆ ఒక్క దారీ తెగుతుంది. ముక్క చక్కగా కూర్చుంటుంది, ఎక్స్‌రే అందంగా వస్తుంది, ఏడాదికి ముక్క చచ్చిపోతుంది. నేను నేర్చుకుంటున్న రోజుల్లో మా సార్ వెనక వైపు తడిగుడ్డ అడ్డం పెట్టి, దీని అవతల ఏమీ లేదనుకో అనేవారు. ఇప్పుడు నా పక్కన నిలబడే పీజీలకి నేనూ అదే చెబుతున్నాను.

కీలు ముందు పొర తెరిస్తే ట్రాక్లియా అంచు కనపడింది. విరిగిన రెండు ఉపరితలాల మధ్య పీచుని చెంచాలాంటి చిన్న పరికరం క్యూరెట్‌తో ముందు నుంచి మెల్లగా తీశాను. ఎముక వైపు మాత్రమే కొద్దిగా గీకాను, గ్రోత్ ప్లేట్ జోలికి పోలేదు. అయినా ముక్క తన చోటికి రాలేదు. ఐదు వారాలుగా లాగుతున్న కండరాలు కుంచించుకుపోయాయి. బలంగా లాగితే మృదులాస్థి నలుగుతుంది. అందుకని కండరాల మొదట్లో ఉండే గట్టి పొరకి సన్నటి గాట్లు అక్కడక్కడ పెట్టాను. కండ తెగకుండా పొర మాత్రమే సాగుతుంది. మూడో గాటుకి ముక్క దానంతట అదే జరిగింది.

ఇక అసలు నిర్ణయం. ముక్కని వైరుతో తాత్కాలికంగా పట్టుకుని మోచెయ్యి మడిచి చాచి చూశాను. కీలు అంచు దాదాపు 2 మిల్లీమీటర్లు తేడాగా ఉంది, కదలిక మాత్రం అడ్డులేకుండా వచ్చింది. ఆ 2 మిల్లీమీటర్లు కూడా సరిచేయాలంటే ఇంకా పీచు తీయాలి, వెనక్కి వెళ్లాలి. కొత్త ఫ్రాక్చర్ అయితే ఆ తేడా ఒప్పుకోను. ఐదు వారాల తర్వాత లక్ష్యం వేరు: ముక్క బతికి ఉండాలి, అతుక్కోవాలి, చెయ్యి కదలాలి. అచ్చు గుద్దినట్టు కీలు కుదరడం వాటి తర్వాతే. అక్కడితో ఆపేశాను.

1.6 మిల్లీమీటర్ల కె-వైర్లు రెండు, ఒకదానికొకటి దూరంగా విడిపోయేలా వేసి అవతలి గట్టి ఎముకలో పట్టు దొరికేదాకా పంపాను. ముక్కలో ఎముక భాగం మందంగా ఉంటే స్క్రూ వేసేవాణ్ని, అది ఎక్కువ బిగింపు ఇస్తుంది. పాపకి ఆ వీలు లేదు, కాబట్టి మూడో వైరు అడ్డంగా వేశాను. పైన మిగిలిన ఖాళీలో ముంజేతి అల్నా ఎముక పై భాగం నుంచి తీసిన కొద్దిపాటి మెత్తటి ఎముక నింపాను. కొత్త కేసుల్లో వైర్ల చివరలు చర్మం బయటే ఉంచుతాం, ఓపీలోనే లాగేయొచ్చు. ఇక్కడ ఎక్కువ రోజులు ఉంచాల్సి వస్తుంది, ఇన్ఫెక్షన్ భయం ఉంటుంది కాబట్టి చర్మం కింద పూడ్చాను. టూర్నికే వదిలాక రక్తస్రావం ఆగిందని చూసి, కుట్లు వేసి, మోచెయ్యి మడిచి పిండికట్టు పెట్టాం.

తర్వాతి నెలలు

మొదటి వారం చివర ఎక్స్‌రేలో ముక్క కదల్లేదు. ఆరో వారానికి ఎముక వారధి కనపడింది. ఎనిమిదో వారంలో కొద్దిసేపు మత్తిచ్చి వైర్లు తీసేసి కట్టు విప్పాం. ఆ రోజు మోచెయ్యి 50 నుంచి 90 డిగ్రీల వరకే కదిలింది. తల్లి ముఖం వాడిపోయింది. వచ్చినప్పటికంటే తగ్గింది కదా మరి. ఇది ముందే చెప్పి ఉంచాను కాబట్టి నిలబడగలిగింది.

ఈ దశలో మన ఇళ్లలో రెండు పనులు చేస్తారు, రెండూ ప్రేమతోనే. ఆముదం రాసి గట్టిగా మర్దనా చేసి చెయ్యి వంచడం ఒకటి, చెయ్యి సాగుతుందని నీళ్ల బకెట్ మోయించడం ఇంకొకటి. పిల్లల మోచేతికి ఈ రెండూ హాని చేస్తాయి. బలవంతంగా వంచితే చుట్టూ కండలో రక్తం చిమ్మి, ఆ కండలోనే ఎముక పేరుకుంటుంది. బిగుసుకున్న కీలు ఇంకా బిగుసుకుంటుంది. నాయనమ్మకి ఒక్కటే పని అప్పగించాను: చెయ్యి ఎవరూ పట్టుకోకుండా కాపలా కాయడం. పాప తనంతట తాను ఆడుకోవాలి, జడ తనే దువ్వుకోవాలి, బంతి విసరాలి, ఎడమచేత్తో గోడ మీద పైపైకి గీతలు గీయాలి. ఫిజియోథెరపిస్టు వారానికొకసారి కొత్త ఆట నేర్పింది. ఆవిడ సహనం లేకపోతే ఈ కేసు ఇలా ఉండేది కాదు.

ఆరు నెలలకి కదలిక 20 నుంచి 125 డిగ్రీలు. ఏడాదిన్నరకి 10 నుంచి 135. చెయ్యి చాచినప్పుడు ముంజెయ్యి బయటికి వాలే కోణం ఎడమవైపు 8 డిగ్రీలు, కుడివైపు 10. అల్నార్ నరం బాగుంది. ఎక్స్‌రేలో ఫ్రాక్చర్ అతుక్కుంది. ముక్క తెల్లబడి చిట్లే లక్షణాలేవీ లేవు, అంటే రక్తం అందుతోంది. బయటివైపు ఎముక కాస్త ఎక్కువగా పెరిగి చిన్న ముల్లులా ఉంది. ఈ ఫ్రాక్చర్ తర్వాత అది తరచూ వస్తుంది, దానివల్ల చెయ్యి కొంచెం లోపలికి వంగినట్టు భ్రమ కలుగుతుంది. చాలామంది అదే గడ్డ తీయించమని అడుగుతారు. తీయాల్సిన పని లేదు.

పీహెచ్‌సీలో ఉన్న డాక్టర్లకి, బడుల్లో టీచర్లకి

బిడ్డ పడి మోచేతి బయటివైపు నొక్కితే నొప్పి అంటే, వాపు తక్కువ ఉందని నమ్మకండి. మూడో ఎక్స్‌రే రాయండి. అవసరమైతే బాగున్న చేతికి కూడా ఒకటి తీసి పక్కన పెట్టి చూడండి. ఏ ముక్క ఉండాల్సిందో, ఏది కొత్తగా వచ్చిందో అప్పుడు తెలుస్తుంది. ముక్క కదల్లేదని కట్టు వేసి పంపితే వారం లోపు మళ్లీ పిలవండి. నెల తర్వాత రమ్మంటే ఆలస్యమైపోతుంది. మొదట కదలకుండా ఉన్న ముక్కలే కట్టు లోపల, వాపు తగ్గి కట్టు వదులైనప్పుడు, మెల్లగా జరుగుతాయి.

పెద్ద పిల్లల కథ వేరు. పన్నెండు, పద్నాలుగేళ్ల కబడ్డీ ఆటగాళ్లలో మోచెయ్యి జారినప్పుడు లోపలి బుడిపె ఊడి కీలులో ఇరుక్కుంటుంది. కీలు సర్దాక ఎక్స్‌రేలో ఆ బుడిపె ఉండాల్సిన చోట లేకపోతే కీలు లోపల వెతకండి. ఇరుక్కున్న ముక్కకి ఆపరేషన్ తప్పదు. ఆ వయసుకి బుడిపె కనిపించకపోవడం అనేది ఉండదు, ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి.

పాప ఇప్పుడు ఏడాదికొకసారి వస్తోంది. ఇక ముందు నేను చూసేవి రెండు. ట్రాక్లియా మధ్యలో ఎదుగుదల తగ్గి ఎముక కొన చేప తోకలా చీలుతోందా, ముంజేతి కోణం పెరుగుతోందా. రెండూ పదేళ్ల వయసు దాటాక కూడా బయటపడొచ్చు. అందుకని మొదటి రోజు నుంచీ తీసిన ఎక్స్‌రేలన్నీ ఫోనులో ఉంచుకోవడమే కాకుండా ప్రింట్లు కూడా దాచమని తండ్రికి చెప్పాను. రేపు ఏ ఊళ్లో చదివినా, ఏ డాక్టర్ చూసినా, పోల్చడానికి పాత కోణం కావాలి. చిటికెన వేలు తిమ్మిరి అని ఎప్పుడు అన్నా ఏడాది ఆగకుండా అదే వారంలో తీసుకురమ్మన్నాను. వచ్చే చెకప్ వేసవి సెలవుల్లో.